మోసినవాడు చదవకూడని దస్త్రం



పోయిన భాగంలో మా వేంసూరు పట్వారీ దఫ్తరం గురించి రాశాను. అది చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పట్వారీలను ఎన్టీఆర్ 1984లోనే తీసేశాడు గదా. ఇప్పుడంతా కంప్యూటర్లోనే ఉంది. ఇంకా ఆ పాత దస్త్రాల గొడవ మనకెందుకు?" అన్నాడు.

మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఒక ప్రింటర్ సంగతి చెప్పాలి, ఆ ప్రింటర్ వెనకున్న నలభై ఏళ్ల చరిత్ర చెప్పాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మా తాత. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మళ్లీ చెప్తున్నా. మా తాత ఊరి కావలికారు. జమాబందీ రోజులొస్తే పట్వారీ ముందు నడిచేవాడు, పహాణీల మూట నెత్తిన పెట్టుకుని మా తాత వెనక నడిచేవాడు. తాలూకా కచేరీ దాకా అట్లాగే. ఊళ్లో ప్రతి చెక్కా ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో ఆ మూటలో రాసి ఉంది. మా తాత దున్నుకునే రెండెకరాల సంగతీ అందులోనే ఉంది. "దొరా, మా చెక్క ఎవరి పేరున ఉందో ఒక్కసారి చూసి చెప్పండి" అని అడిగితే, "నీకెందుకురా అదంతా, దున్నుకో పో" అనేవాడట. పట్వారీ పోస్టు పోయాక, పదో తరగతి చదివిన మా నాయన నకలు తీయించాడు. పట్టాదారు గడిలో మా తాత పేరు లేదు. సాగుదారు గడిలోనూ లేదు.

ఇదే వేంసూరు నియోజకవర్గం నుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973లో రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. ముఖ్యమంత్రి మా నియోజకవర్గం మనిషే. అయినా మా గూడేనికి పహాణీ కాగితం కంటపడలేదు. అధికారం ఊరిదాకా రావడం వేరు, కాగితం చేతికి రావడం వేరు.

ఇక ప్రింటర్ సంగతి.

2010లో మా గూడెం కుర్రాళ్లం చందాలు వేసుకుని కమ్యూనిటీ హాల్లో ఒక కంప్యూటర్ పెట్టాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ అసెంబుల్డ్ పెట్టె. విండోస్ కొనడానికి డబ్బుల్లేవు. దొంగ సీడీ వేస్తే వారానికోసారి వైరస్. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా గూడెం తమ్ముడు లినక్స్ సీడీ తెచ్చి ఎక్కించాడు. బాగానే నడిచింది. పిల్లలు తెలుగులో టైపు చేయడం అందులోనే నేర్చుకున్నారు.

అసలు అవసరం స్కాలర్‌షిప్ దరఖాస్తులు. ఆన్‌లైన్లో నింపాలి, ప్రింటు తీయాలి, సర్టిఫికెట్లు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. ఒక్క ప్రింటు కోసం సత్తుపల్లి పోతే బస్సు ఛార్జీ, దాంతోపాటు ఒక పూట కూలి పోయినట్టే. అందుకని మళ్లీ చందా వేసి కొత్త ప్రింటర్ కొన్నాం. షాపులో ఉన్నవాటిలో చౌకది. కంపెనీ పేరు రాయను, ఇక్కడ దాని అవసరం లేదు. తీగ పెట్టాం. లైటు వెలిగింది. కాగితం మాత్రం కదల్లేదు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేశాం. మీ సిస్టమ్‌కు డ్రైవర్ లేదు సార్ అన్నారు. "లేకపోతే మేమే రాసుకుంటాం. ఈ ప్రింటర్‌తో ఎట్లా మాట్లాడాలో ఆ కాగితాలు ఇవ్వండి" అని మా తమ్ముడు అడిగాడు. అవతలి నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "అది కాన్ఫిడెన్షియల్ సార్" అన్నారు.

నాకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. మా తాత విన్నదే. ఈసారి ఇంగ్లీషులో విన్నాం, చివర 'సార్' అని కూడా చేర్చారు. అంతే తేడా.

నెల రోజులు పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని సత్తుపల్లి తిరిగాం. ఆ నెలలోనే డిగ్రీ చదివే మా చెల్లి ఒకామె దరఖాస్తు ఆఖరు తేదీ దాటిపోయింది. ఆ రోజు సత్తుపల్లిలో కరెంటు లేదు. ఆ ఏడాది ఫీజు కట్టడానికి వాళ్లమ్మ మిరపకాయ కోతల కూలి అడ్వాన్సుగా తెచ్చుకుంది. తప్పంతా ప్రింటర్‌దే అనను. కరెంటుదీ ఉంది, ఆఖరు రోజు దాకా ఆగిన మాదీ ఉంది. కానీ డబ్బు పోసి కొన్న వస్తువు మా హాల్లోనే ఉంది. దాంతో మాట్లాడే భాష మాత్రం మాకు ఇవ్వలేదు.

డ్రైవర్ అంటే ఏంటో సైన్సు చదవని మిత్రుల కోసం చెప్తాను. కంప్యూటర్‌కు తగిలించే ప్రతి వస్తువులో ఒక చిప్ ఉంటుంది. అందులో పహాణీలో ఉన్నట్టే గళ్లు ఉంటాయి, వాటిని రిజిస్టర్లు అంటారు. ఏ గడిలో ఏ అంకె రాస్తే ఏం జరుగుతుందో, ఏ వరసలో రాయాలో తయారుచేసిన కంపెనీకి తెలుసు. అదంతా రాసిన పుస్తకమే డాక్యుమెంటేషన్. ఒక్కో చిప్‌కు వందల పేజీలు ఉంటుంది. ఆ పుస్తకం చూసి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ వస్తువుకూ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రామ్ రాస్తారు. అదే డ్రైవర్. కంపెనీ తన దుబాసీని విండోస్‌కు మాత్రమే ఇచ్చి పుస్తకాన్ని బీరువాలో పెట్టుకుంటే, మిగతావాళ్ల దగ్గర ఆ వస్తువు మూగదవుతుంది.

చౌక ప్రింటర్లలో ఇంకో తిరకాసు ఉంది. ఖరీదైన ప్రింటర్లకు పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి అందరికీ తెలిసిన భాషలు వస్తాయి. చౌకరకంలో ఆ తెలివి తీసేస్తారు. పేజీ మీద ఏ చుక్క ఎక్కడ పడాలో లెక్కకట్టే పని కంప్యూటర్ మీదే వేస్తారు. ఆ చుక్కల్ని ప్రింటర్‌కు ఏ రూపంలో పంపాలనేది కంపెనీ సొంత పద్ధతి. అంటే ధర తగ్గేకొద్దీ కంపెనీ దుబాసీ మీద ఆధారపడడం పెరుగుతుంది. పేదవాడు కొనుక్కోగల వస్తువుకే తాళం గట్టిగా పడుతుంది.

ఎప్పుడూ ఇట్లాగే లేదు. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దానికో టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకం కూడా అమ్మింది. అందులో సర్క్యూట్ బొమ్మలున్నాయి. యంత్రాన్ని నిద్రలేపే బయాస్ అనే ప్రోగ్రామ్ మొత్తం అచ్చేసి ఉంది. బయాస్ మీద కాపీరైట్ ఉంది కాబట్టి దాన్ని ఎత్తి రాసుకోవడానికి లేదు. కాంపాక్ కంపెనీ ఒక దారి వెతికింది. ఒక జట్టు ఆ ప్రోగ్రామ్ చదివి, అది ఏమేం చేస్తుందో మాత్రం రాసింది. అసలు ప్రోగ్రామ్‌ను కంటితో చూడని ఇంకో జట్టు ఆ వివరణ చూసి తన సొంత బయాస్ రాసింది. ఈ పద్ధతికి క్లీన్‌రూమ్ అని పేరు. 1982లో కాంపాక్ తన యంత్రాన్ని ప్రకటించింది. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు అదే దారి పట్టాయి, ధరలు పడిపోయాయి. సీటీసీలో బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో కొని బిగించుకునే అసెంబుల్డ్ కంప్యూటర్ ఆ చరిత్రలోంచి వచ్చిందే. కాగితం బయట ఉండబట్టే ఆ పెట్టె వేంసూరు గూడెం దాకా వచ్చింది.

దానికి కాస్త ముందు ఇంకోచోట తలుపు మూసుకుంది. అదీ ప్రింటర్ దగ్గరే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం తరచూ ఇరుక్కునేది. పాత ప్రింటర్ ఉన్నప్పుడు అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామ్‌ను మార్చి, ఇబ్బంది రాగానే వాడేవాళ్ల తెర మీద కబురు కనిపించేట్టు చేశాడు. కొత్తదానికీ అట్లాగే చేద్దామంటే దాని మూల ప్రోగ్రామ్ రాలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి, పోయి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానని ఆయన తిప్పి పంపాడు. ఆ అనుభవం స్టాల్‌మన్‌ను వదల్లేదు. 1983 సెప్టెంబర్ 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టాడు. మా హాల్లో నడిచిన సిస్టమ్ ఈ రెండూ కలిసినదే.

అట్లా మాటిచ్చే కాగితాన్ని ఎన్‌డీఏ అంటారు. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే చెవిలో మంత్రోపదేశం. అర్హుడనుకున్నవాడికే చెప్తారు, బయట చెప్పనని ఒట్టు వేయించుకుంటారు.

కంపెనీల వాదన కూడా విందాం. పోటీ కంపెనీ కాపీ కొడుతుందంటారు. పుస్తకం బయటపడితే పేటెంట్ కేసులు వేస్తారని భయం. చిప్‌లో వేరే కంపెనీ దగ్గర లైసెన్సుకు తెచ్చిన ముక్కలున్నాయి, వాటి వివరాలు చెప్పే హక్కు మాకు లేదంటారు. వై-ఫై అయితే రేడియో తరంగాల చట్టం అడ్డొస్తుందంటారు. వీటిలో కొన్ని నిజమైన ఇబ్బందులే. కానీ ఇదే రకం చిప్‌లు చేసే ఒక కంపెనీ పుస్తకం ఇచ్చి బతుకుతున్నప్పుడు, ఇంకో కంపెనీ ఇస్తే మునిగిపోతానంటే ఎట్లా నమ్మాలి?

తలుపులు వాటంతట అవి తెరుచుకోలేదు. తెరిపించినవాళ్లు మూడు దారుల్లో పోయారు.

ఒకటి, మొండికేయడం. కెనడాలో ఉండే థియో డి రాడ్ నడిపే ఓపెన్‌బీఎస్‌డీ జట్టు ఎన్‌డీఏ మీద సంతకం పెట్టం అంది. మీ డ్రైవర్ మాకొద్దు, పుస్తకం ఇవ్వండి, మా డ్రైవర్ మేమే రాసుకుంటాం అంది. 2005లో అడాప్టెక్ కంపెనీ తన రెయిడ్ కార్డుల పత్రాలు ఇవ్వకపోతే, అప్పటికే ఉన్న డ్రైవర్‌ను కూడా తమ సిస్టమ్ నుంచి తీసేశారు. అరకొరగా నడిచేదాన్ని నడుస్తుందని చెప్పి వాడేవాళ్లను మోసం చేయలేమన్నది వాళ్ల మాట.

రెండు, అడిగి అడిగి సాకులు లేకుండా చేయడం. 2007 జనవరిలో లినక్స్ కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కంపెనీలన్నిటికీ బహిరంగంగా ఒక మాట చెప్పాడు. వివరాలు ఇవ్వండి, మీ వస్తువుకు డ్రైవర్ మేం ఉచితంగా రాసిపెడతాం అన్నాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఏఎండీ తాను కొన్న ఏటీఐ గ్రాఫిక్స్ చిప్‌ల రిజిస్టర్ పుస్తకాలు వందల పేజీలు ఎన్‌డీఏ లేకుండా బయటపెట్టింది. ఆ కంపెనీ మునిగిపోలేదు.

మూడు, పుస్తకం ఇవ్వకపోతే పుస్తకాన్నే తిరిగి రాసుకోవడం. దీన్ని రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. కంపెనీ డ్రైవర్ వస్తువుతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని ప్రతి అంకె రాసుకుంటారు. ఒక్కో అంకె మార్చి చూస్తారు. నెలలు పడుతుంది. బ్రాడ్‌కామ్ వై-ఫై చిప్‌లకు అట్లాగే చేశారు. కాంపాక్ లాగే రెండు జట్లు పెట్టుకున్నారు, ఒకటి శోధించి వివరణ రాసేది, ఇంకొకటి అది చూసి డ్రైవర్ రాసేది. ఆ డ్రైవర్ 2006లో లినక్స్ కెర్నెల్లో చేరింది. నాలుగేళ్లకు, 2010 సెప్టెంబర్‌లో, బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లకు తనే ఓపెన్ డ్రైవర్ విడుదల చేసింది.

ఎన్‌విడియా కథ ఇంకా పొడుగు. నూవో అనే ప్రాజెక్టు ఆ గ్రాఫిక్స్ కార్డులను శోధించి రాసిన డ్రైవర్ 2010లో కెర్నెల్లోకి వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లినస్ ఆ కంపెనీ మీద కెమెరా ముందే మధ్యవేలు చూపించి తిట్టాడు. తిట్టినంత మాత్రాన తలుపు తెరుచుకోలేదు. 2014 నుంచి వచ్చిన కార్డుల్లో కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ మాత్రమే పూర్తిగా పనిచేసేట్టు చేశారు. భాష నేర్చుకున్నా మాట్లాడనివ్వని కట్టడి అది. చివరికి 2022 మేలో ఎన్‌విడియా కెర్నెల్ భాగం డ్రైవర్‌ను ఓపెన్ చేసింది. మిగతా భాగం, లోపలి ఫర్మ్‌వేర్ ఇంకా మూసే ఉన్నాయి. గేటు తీశారు గానీ ఇంటి తలుపు తీయలేదు.

"అన్నా, ఇదంతా వాళ్ల కథ. మన తెలుగువాళ్లు ఎక్కడున్నారు?" అంటారు. ఉన్నారు. యూనికోడ్ స్థిరపడకముందు ప్రతి తెలుగు పత్రికదీ ఇంటర్నెట్‌లో ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే వార్త చదవలేం, వెతకలేం. నాగార్జున వెన్న అనే తెలుగాయన ఒక్కో ఫాంటులో ఏ అంకెకు ఏ ఆకారమో పట్టిక కట్టి, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పనిముట్టు ఫైర్‌ఫాక్స్‌కు రాశాడు. అది డ్రైవర్ కాదు గానీ పని అదే. ఇవ్వని పట్టికను తిరిగి కట్టుకోవడం.

హైదరాబాద్‌లో పనిచేసిన రెడ్‌పైన్ సిగ్నల్స్ అనే కంపెనీ 2014లో తన వై-ఫై చిప్ డ్రైవర్‌ను తనే లినక్స్ కెర్నెల్లో పెట్టించింది. 2020లో ఆ కంపెనీ వై-ఫై విభాగాన్ని సిలికాన్ ల్యాబ్స్ కొనుక్కుంది. చిప్ లోపలి ఫర్మ్‌వేర్ అప్పుడూ మూసే ఉంది, ఆ మాట దాచక్కర్లేదు. అయినా హైదరాబాద్ నుంచి కూడా డ్రైవర్ బయటికి ఇవ్వొచ్చని అది చూపించింది. ఇవాళ గచ్చిబౌలి, మాదాపూర్‌లలో చిప్ కంపెనీల ఆఫీసులు ఎన్నో. వాటిలో పనిచేసే మన పిల్లలు ఈ పుస్తకాలను రోజూ చదువుతున్నారు, రాస్తున్నారు కూడా. కానీ ఇంటికొచ్చాక సొంత తమ్ముడు అడిగినా చెప్పకూడదు. మా తాత మోశాడు గానీ చదవలేకపోయాడు. వీళ్లు చదవగలరు గానీ చెప్పలేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండూ ఒకటే అని నేననడం లేదు. వై-ఫై డ్రైవర్ అడిగినందుకు ఎవరినీ చెట్టుకు కట్టేసి కొట్టలేదు. ఎవరి గుడిసెలూ తగలబెట్టలేదు. కులం మనిషి ఒంటి మీద పడుతుంది, ఇది వస్తువు మీద పడుతుంది. ఆ తేడా చెరిపేస్తే మన పెద్దలకు అన్యాయం చేసినట్టు.

పోలిక ఒక్కచోటే. మహద్ చెరువు గుర్తుచేసుకోండి. 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానంతో ప్రభుత్వ చెరువులు, బావులు అందరివీ అంది. మహద్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చెరువు మనదే. నీళ్లు ముట్టుకోవడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడవాల్సి వచ్చింది. హక్కు రాసి ఉండడం వేరు, వాడుకోగలగడం వేరు. బిల్లు మన పేరున ఉన్నంత మాత్రాన ప్రింటర్ మనది కాదు.

ఇంకో చేదు మాట. ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం లోపల కూడా మనం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జీతం లేకుండా ఏళ్ల తరబడి అంకెలు రాసుకుంటూ కూర్చోవాలంటే ఇంట్లో తిండికి లోటుండకూడదు, ఇంగ్లీషు రావాలి, సొంత ల్యాప్‌టాప్ ఉండాలి. బయటికొచ్చిన పుస్తకాలు కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. తాళం తీసినంత మాత్రాన అందరూ లోపలికి పోలేరు. ఈ మాట ఆ ఉద్యమంలోని మిత్రుల ముఖం మీదే చెప్పాను, ఇక్కడా చెప్తున్నా.

విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఏబీ) ఉంది. 1999 సవరణతో వచ్చింది. చట్టబద్ధంగా మన చేతిలో ఉన్న ప్రోగ్రామ్‌తో, మనం సొంతంగా రాసిన ఇంకో ప్రోగ్రామ్‌ను కలిపి నడపడానికి కావలసిన సమాచారం మరో దారిలో తేలిగ్గా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవడానికి అవసరమైన పని చేస్తే అది కాపీరైట్ ఉల్లంఘన కాదు. భూమి కాగితాలకు 2005 సమాచార హక్కు చట్టం ఎట్లాగో, ఈ పనికి ఇది అట్లాంటి ఆసరా. ప్రైవేటు కంపెనీని పుస్తకం ఇమ్మని ఇది బలవంతం చేయదు. మనం తెలుసుకోవడం నేరం కాదని మాత్రం చెప్తుంది. మన దగ్గర మొదటినుంచీ తెలుసుకోవడమే నేరం కదా, అందుకని ఈ చిన్న సెక్షన్ నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

మా ప్రింటర్ ఏమైందో చెప్పి ముగిస్తాను. నెల తర్వాత మా తమ్ముడు వెతకగా వెతకగా ఒక డ్రైవర్ దొరికింది. ఎక్కడో వేరే దేశంలో ఎవరో యూఎస్‌బీ తీగలో పోయే అంకెలు పట్టుకుని రాసిన డ్రైవర్. పనిచేసింది గానీ పేజీ కింద రెండు వరసలు తెగిపోయేవి. సరిగ్గా దరఖాస్తులో సంతకం పెట్టే చోటు. మా తమ్ముడు సెలవుల్లో ఇరవై రోజులు హాల్లోనే కూర్చున్నాడు. కాగితాలు ఖర్చవుతున్నాయని మేం తిట్టాం. చివరికి తప్పు ఏ అంకెలో ఉందో పట్టుకున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆ మనిషికి మెయిల్ రాశాడు. మూడు రోజులకు జవాబొచ్చింది. దిద్దుబాటు తీసుకున్నారు.

ఆ డ్రైవర్ ఫైల్ మొదట్లో సాయం చేసినవాళ్ల పేర్లుంటాయి. అందులో మావాడి పేరు ఉంది. నాయనకు ప్రింటు తీసి చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "మీ తాత పేరు ఏ గడిలోనూ లేకపాయె" అన్నాడు. ఇంకేం అనలేదు.

తమ్ముడూ, పాత దస్త్రాల గొడవ ఎందుకని అడిగావు కదా. దస్త్రం పోలేదు, బీరువా మారింది. మీ కాలేజీలో మూలపడ్డ ప్రింటర్, కెమెరా, వై-ఫై కార్డు ఏదుంటే అది తీసుకో. దాని చిప్ నంబరు చూడు. దానికి పుస్తకం బయట ఉందో లేదో కనుక్కో. ఉంటే ఒక పేజీ తెలుగులో రాయి, గూడెంలో పిల్లలకు పనికొస్తుంది. లేకపోతే ఎవరు దాచారో రాయి.

వచ్చే భాగంలో రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం గురించి. మా నాయనమ్మ వేలు ఆ యంత్రానికి ఎందుకు అర్థం కాలేదో రాస్తాను.

జై భీమ్.